టాహో 5.3 ఇంజిన్‌కు హార్మోనిక్ బ్యాలెన్సర్ ఇంట్లోనే ఎక్కిస్తున్నాను, కొత్త బోల్టు రెండు మరలే పట్టింది

గోదావరిగట్టు (డల్లాస్), శనివారం ఉదయం 9:10

అందరికీ నమస్కారం. మా బండి 2003 నాటి షెవ్రొలే టాహో, 5.3 లీటర్ల వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్. రెండు లక్షల పది వేల మైళ్లు తిరిగింది. నెల రోజులుగా ఇంజిన్ ముందు వైపు నుంచి కీచుమనే శబ్దం వస్తోంది. కొత్త బెల్టు వేసినా పోలేదు. మొన్న ఇంజిన్ నడుస్తుండగా టార్చి వేసి చూస్తే క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) ముందు కొసన ఉండే పుల్లీ, అదే హార్మోనిక్ బ్యాలెన్సర్, దాని బయటి రింగు తిన్నగా తిరగడం లేదు. ఆపి, చేత్తో తడిమి చూశాను. రెండు ఇనుప భాగాల మధ్య ఉండే రబ్బరు పొర ఒక పక్క చిట్లి, పెదవిలా బయటికి పొడుచుకొచ్చింది. బ్యాలెన్సర్ పోయిందని అర్థమైంది.

నిన్న సాయంత్రం పాతది తీశాను. ఫ్యాన్‌ను పట్టి ఉంచే 36 మి.మీ. నట్టు, ఫ్యాన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు, పెద్ద బెల్టు, ఏసీ బెల్టు, ఆపైన 24 మి.మీ. బోల్టు. విడిభాగాల దుకాణంలో డిపాజిట్ కట్టి మూడు కొక్కేల పుల్లర్ తెచ్చుకున్నాను. దానితో పాతది గంటలో ఊడి వచ్చింది.

కొత్తదానితోనే చిక్కు. సీల్ (క్రాంక్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రింగు) పెదవికి ఇంజిన్ ఆయిల్ రాసి, చేత్తో నెడితే కొంచెం ఎక్కి ఆగిపోయింది. కొత్త బోల్టు పెట్టి తిప్పితే రెండు మరలే పట్టాయి. రెంచి వేసి పావు చుట్టు తిప్పగానే చాలా గట్టిగా అనిపించి ఆపేశాను. ఇప్పుడు ఏం చేయాలి? మా నాన్నగారు కొవ్వూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. బోల్టు మరల మీద బరువు వేయవద్దని ఆయన కూడా అంటున్నారు.

హ్యూస్టన్‌హైవే (హ్యూస్టన్), శనివారం 9:32

మా సిల్వరాడోకు (షెవ్రొలే పికప్ బండి) రెండేళ్ల క్రితం నేను కొయ్యముక్క అడ్డం పెట్టి పెద్ద సుత్తితో ఎక్కించాను. పది దెబ్బలకు లోపలికి వెళ్లిపోయింది. బోల్టు నాలుగైదు మరలు పట్టాక దానితోనే లాగేశాను. ఇప్పటివరకు ఇబ్బంది రాలేదు. మీరు కూడా అలాగే చేయవచ్చు.

పాతఇనుము (ఒహాయో), శనివారం 10:05

గోదావరిగట్టు గారూ, ఆపి మంచి పని చేశారు. ఇక ఆ రెంచి ముట్టుకోకండి.

ఆ బోల్టు కొలత ఎం16, మర మరకు మధ్య దూరం 2 మి.మీ. ఇటువంటి బోల్టు బరువు లాగాలంటే దాని వ్యాసమంత పొడవైనా, అంటే 16 మి.మీ. అయినా లోపల పట్టి ఉండాలి. 2 మి.మీ. లెక్కన అది ఎనిమిది మరలు. మీకు పట్టింది రెండు. వాటి మీద టన్నుల బరువు లాగితే తెగేది బోల్టు మరలే కాదు, క్రాంక్ షాఫ్ట్ లోపలి మరలు కూడా. బోల్టు పోతే కొత్తది కొనుక్కోవచ్చు. క్రాంక్ షాఫ్ట్ మరలు పోతే ఇంజిన్ విప్పే పని పడుతుంది.

హ్యూస్టన్ మిత్రుడి మాట మీద కూడా ఒకటి చెప్పాలి. ఈ సుత్తి అలవాటుకు ఒక పాత కారణం ఉంది. షెవ్రొలే స్మాల్ బ్లాక్ వి8 1955లో వచ్చింది. తొలి ఏళ్ల ఇంజిన్లలో చాలావాటికి క్రాంక్ కొసలో బోల్టు రంధ్రమే ఉండేది కాదు. అప్పటి మెకానిక్కులు బ్యాలెన్సర్‌ను కొట్టి ఎక్కించక తప్పేది కాదు. ఆ చేతివాటం తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది, కానీ ఇంజిన్ మారిపోయింది. మన 5.3లో కొసకు రంధ్రం ఉంది, మరలు ఉన్నాయి. లాగే వీలున్నప్పుడు కొట్టవలసిన పని లేదు. మీరు కొట్టే ప్రతి దెబ్బ క్రాంక్ షాఫ్ట్ పొడవునా వెళ్లి మధ్యలో మూడో మెయిన్ బేరింగ్ దగ్గరున్న థ్రస్ట్ బేరింగ్ (షాఫ్ట్ ముందుకు వెనక్కి జరగకుండా ఆపేది) మీద పడుతుంది. రెండేళ్లు ఇబ్బంది రాలేదంటే అదృష్టం బాగుందని అనుకోవాలి. పద్ధతి మంచిదని మాత్రం అనుకోలేను.

చేయవలసింది ఇది. పుల్లర్ ఇచ్చిన దుకాణంలోనే బ్యాలెన్సర్ ఎక్కించే పనిముట్టు కూడా అప్పుగా ఇస్తారు. అందులో పొడవాటి మరల కడ్డీ, పెద్ద నట్టు, బేరింగ్, మందపాటి వాషరు ఉంటాయి. కడ్డీని క్రాంక్ లోపలికి చేత్తో చివరిదాకా తిప్పండి. అది ఎన్ని చుట్లు వెళ్లిందో లెక్కపెట్టండి. ఎనిమిదికి తగ్గితే ముందుకు వెళ్లవద్దు. తరువాత ఒక రెంచితో కడ్డీని కదలకుండా పట్టుకుని, ఇంకో రెంచితో నట్టు తిప్పండి. నట్టు ముందుకు నడుస్తూ బ్యాలెన్సర్‌ను తిన్నగా లోపలికి నెడుతుంది. కడ్డీ తిరగదు కనుక క్రాంక్ మరలు అరగవు.

గోదావరిగట్టు, శనివారం 10:40

ధన్యవాదాలు. బోల్టు చేత్తోనే తిప్పి బయటికి తీశాను. దాని చివరి మరలో వెంట్రుకంత సన్నటి ఇనుప పోగు ఒకటి ఇరుక్కుని ఉంది. వెలుతురులో పట్టి చూస్తే మెరుస్తోంది. అది బోల్టుదా, క్రాంక్‌దా అన్నది తెలియడం లేదు. గుండె జారిపోయింది.

ఆటోనగర్‌బాబాయి (విజయవాడ), శనివారం 11:15

బాబూ, కంగారు పడకు. ముప్ఫై రెండేళ్లుగా ఆటోనగర్‌లో ఇంజిన్లు విప్పుతున్నాను. పావు చుట్టుకే క్రాంక్ మరలు పోవు. అంచు కొద్దిగా లేచి ఉంటుంది, అంతే. ఎం16, 2 మి.మీ. ట్యాప్ (లోపలి మరలు సరిచేసే పనిముట్టు) ఒకటి తెచ్చుకో. దాని గాళ్ల నిండా గ్రీజు పూయి. రజను గ్రీజుకే అంటుకుంటుంది, లోపల పడదు. చేతి వేళ్లతోనే మొదలుపెట్టు. రెండు చుట్లు వరకు తేలికగా వెళితే మర సరిగ్గా దొరికినట్టే. అడ్డం తిరిగితే వెంటనే వెనక్కి తిప్పి మళ్లీ పట్టు. బలం పెట్టకు. బయటికి తీసి గ్రీజు తుడిచి, మళ్లీ ఒకసారి వేయి. ఆఖరున ఆ రంధ్రంలో బ్రేక్ క్లీనర్ చల్లి గుడ్డతో తుడువు.

ఇంకొక మాట. కొత్త బ్యాలెన్సర్ హబ్ (క్రాంక్ మీద ఎక్కే మధ్య భాగం) మీద సీల్ రాసుకునే చోట గోరు పెట్టి చుట్టూ నడిపించు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆ గీత దగ్గర ఆయిల్ కారుతుంది. పాత బ్యాలెన్సర్ మీద కూడా గోరు నడిపించి చూడు, అక్కడ గాడి తప్పకుండా తెలుస్తుంది. రెండు లక్షల మైళ్లు సీల్ ఒకే చోట రాసుకుంది. ఇంతకీ కొత్త సీల్ వేశావా లేదా? బ్యాలెన్సర్ బయట ఉన్నప్పుడే సీల్ మార్చుకోవాలి. తరువాత మళ్లీ ఇదంతా విప్పవలసి వస్తుంది.

మన దగ్గర దీన్ని డాంపర్ పుల్లీ అంటాము. లారీలకు వచ్చే టాటా కమిన్స్ బి సిరీస్ ఇంజిన్లకు రబ్బరు డాంపర్ ఉంటుంది. హబ్ మీద ఒక గీత, బయటి రింగు మీద ఒక గీత ఉంటాయి. రెండూ 1.6 మి.మీ. కంటే ఎక్కువ జరిగితే డాంపర్ మార్చాలని కంపెనీ పుస్తకంలోనే ఉంటుంది. నీ బ్యాలెన్సర్ మీద అటువంటి గీత లేకపోతే నువ్వే రంగుతో గీయి. హబ్ నుంచి రబ్బరు మీదుగా రింగు దాకా ఒకే గీత. తరువాత ఎప్పుడు చూసినా ఆ గీత విరిగిందో లేదో కనబడుతుంది.

గోదావరిగట్టు, శనివారం 11:50

సీల్ మార్చలేదు. ఇప్పుడే తెస్తాను. ట్యాప్ కూడా. బాబాయి గారూ, చాలా ధైర్యం చెప్పారు.

కంపనరేఖ (డెట్రాయిట్ దగ్గర), శనివారం మధ్యాహ్నం 1:20

నేను ఉద్యోగరీత్యా ఇంజిన్ కంపనాల మీదే పని చేస్తాను. ఈ చర్చలో ఎవరూ చెప్పని ఒక విషయం ఉంది. ఇది పోతే ఏమవుతుంది, ఎందుకు ఇంత జాగ్రత్త అని చాలామందికి అనుమానం ఉంటుంది.

క్రాంక్ షాఫ్ట్ ఇనుప ముద్దలా కనిపిస్తుంది కానీ నిజానికి అది గట్టి స్ప్రింగు. సిలిండర్‌లో మండినప్పుడల్లా పిస్టన్ దాన్ని తన్నుతుంది. ఆ తన్నుకు షాఫ్ట్ కొద్దిగా మెలి తిరిగి వెనక్కి వస్తుంది. వి8లో ఒక చుట్టుకు నాలుగు తన్నులు. నిమిషానికి 3000 చుట్ల వేగంలో సెకనుకు 200 తన్నులు. ఈ లయ షాఫ్ట్ సొంత కంపన లయతో కలిసినప్పుడు మెలిక పెరుగుతూ పోతుంది. ఊయలను సరైన సమయంలో తోస్తే ఎలా ఎగురుతుందో అలా. బ్యాలెన్సర్‌లో బయటి రింగు బరువైనది, రబ్బరు మీద నిలిచి ఉంటుంది. షాఫ్ట్ ముందుకు మెలి తిరిగితే రింగు వెనకబడుతుంది, వెనక్కి మెలి తిరిగితే ముందుకు సాగుతుంది. ఆ పెనుగులాటలో రబ్బరు నలిగి వేడెక్కుతుంది. షాఫ్ట్‌ను విరగగొట్టవలసిన శక్తి ఆ వేడిగా బయటికి పోతుంది. అందుకే పాత ఇంజిన్లలో రబ్బరు ఎండి పగిలిపోతుంది. అది తన పని చేసి అలసిపోయిన గుర్తు.

బ్యాలెన్సర్ అనే పేరు కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. బరువులను సమతూకం చేయడం దీని ప్రధానమైన పని కాదు. మెలిక కంపనాన్ని అణచడమే పని. ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఆంగ్ల ఇంజనీరు 1910 ప్రాంతంలోనే పొడవాటి ఆరు సిలిండర్ల షాఫ్ట్‌ల కోసం ఇటువంటి డాంపర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. అయితే కొన్ని ఇంజిన్లలో సమతూకపు బరువు కూడా దీని మీదే వేస్తారు. స్మాల్ బ్లాక్ 400 (ఈ అంకె ఘనపుటంగుళాల్లో ఇంజిన్ పరిమాణం) అటువంటిది. 1970ల స్మాల్ బ్లాక్ 350కి ఆ బరువు ఉండదు. రెండూ ఒకటే కుటుంబం కనుక ఒకదానికి ఇంకొకటి వేసేవాళ్లున్నారు. అప్పుడు ఇంజిన్ మొత్తం వణికిపోతుంది. గోదావరిగట్టు గారి 5.3కి ఆ బెంగ లేదు, దాని సమతూకం లోపలే ఉంటుంది.

ఇంకొకటి. మన ఇంజిన్‌లో ఈ బ్యాలెన్సర్‌కూ క్రాంక్‌కూ మధ్య కీ (రెండింటి గాడిలో కూర్చునే చిన్న ఇనుప ముక్క) లేదు. పాత స్మాల్ బ్లాక్‌లో ఉండేది. ఇక్కడ బిగుతూ, బోల్టు పట్టూ రెండే దాన్ని నిలబెడతాయి. అందువల్ల బోల్టు బిగింపులో రాజీ పడకూడదు.

ఎర్రజీపు (హైదరాబాద్), శనివారం 2:05

నా పాత పెట్రోలు కారుకు కీ ఉంది. పుల్లీ చేత్తోనే ఎక్కింది. అంటే నేను ఈ పనిముట్లేవీ కొనవలసిన పని లేదా?

పాతఇనుము, శనివారం 2:30

ఎర్రజీపు గారూ, పుల్లీ చేత్తో ఎక్కిందంటే లాగే పనిముట్టు అవసరం లేదు. కానీ బోల్టు బిగింపు మీద ఇంకా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. కీ ఉన్నది పుల్లీ స్థానం తప్పకుండా చూడటానికి. బలం మోసేది బోల్టు. అది వదులుగా ఉంటే పుల్లీ ముందుకు వెనక్కి కొట్టుకుని, కీ గాడి అంచులు నలిగి వెడల్పవుతాయి. షాఫ్ట్ గాడి పాడయ్యాక కొత్త కీ వేసినా నిలవదు. మీ బండి మాన్యువల్‌లో ఉన్న టార్క్ (బోల్టు తిప్పే బలం) అంకె చూసి, టార్క్ రెంచితోనే బిగించండి. చేతి అంచనా పనికిరాదు.

గోదావరిగట్టు, శనివారం సాయంత్రం 5:45

కొత్త సీల్ వేశాను. ట్యాప్ బాబాయి గారు చెప్పినట్టే గ్రీజుతో చేత్తో వేశాను. రెండోసారి తీసినప్పుడు గ్రీజు శుభ్రంగా ఉంది, పొడి ఏమీ రాలేదు. కడ్డీ చేత్తో పదకొండు చుట్లు వెళ్లింది. నాన్నగారు పక్కన స్టూలు వేసుకుని కూర్చుని గట్టిగా లెక్కపెట్టారు. ఆయన రైస్ మిల్లులో ముప్ఫై ఏళ్లు డీజిల్ ఇంజిన్ నడిపారు. తాము ఫ్లైవీల్ బిగించేటప్పుడు కూడా ఇలాగే చుట్లు లెక్కపెట్టేవాళ్లమని చెబుతున్నారు.

నట్టు తిప్పుతుంటే బ్యాలెన్సర్ నెమ్మదిగా, చక్కగా లోపలికి వెళ్లింది. కొంత దూరం వెళ్లాక మళ్లీ బరువైపోయింది. ఇక వెళ్లదేమో అనిపించి పనిముట్టు తీసి, లోతు గేజితో కొలిచాను. హబ్ ముందు అంచు నుంచి క్రాంక్ కొస వరకు 7 మి.మీ. ఉంది. ఇది చాలా?

పాతఇనుము, శనివారం 6:00

చాలదు. కొలిచినందుకు మాత్రం మిమ్మల్ని మెచ్చుకోవాలి. చాలామంది ఇక్కడే ఎక్కిందనుకుని వదిలేస్తారు.

క్రాంక్ కొస హబ్ లోపల 2.4 నుంచి 4.48 మి.మీ. మధ్య లోతులో ఉండాలి. మీకు 7 ఉందంటే హబ్ ఇంకా కనీసం రెండున్నర మి.మీ. లోపలికి వెళ్లాలి. ఇలాగే వదిలేస్తే పుల్లీ గాళ్లు మిగతా పుల్లీలతో వరుస తప్పి, కొత్త బెల్టు అంచు నెల రోజుల్లో చిరిగిపోతుంది.

ఇప్పుడు పాత బోల్టు పనికొస్తుంది. హబ్ ఇంత దగ్గరికి వచ్చింది కనుక అది తగినన్ని మరలు పట్టుకుంటుంది. దానితో 240 పౌండ్-అడుగుల దాకా బిగిస్తే హబ్ కూర్చుంటుంది. నాలుగు అడుగుల రాడ్డు చివర 60 పౌండ్ల బరువు వేసినట్టు. కానీ అంత బలానికి క్రాంక్ తిరిగిపోతుంది, దాన్ని ఆపాలి. బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీసేయండి, ఇది మరువకండి. స్టార్టర్ తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. తరువాత స్టార్టర్ దింపి, ఆ రంధ్రాలకే బిగించే ఫ్లెక్స్ ప్లేటు (క్రాంక్ వెనక కొసన ఉండే పళ్ల చక్రం) లాక్ పెట్టండి. పళ్లలో స్క్రూడ్రైవరు గుచ్చి మనిషిని పట్టుకోమనకండి. అది జారితే వేళ్లు పోతాయి, పళ్లు విరుగుతాయి.

పాత బోల్టు తీసి హబ్ లోతు మళ్లీ కొలవండి. కొలత సరిపోతేనే కొత్త బోల్టు. దాన్ని 37 పౌండ్-అడుగుల దాకా బిగించి, ఆపైన ఇంకో 140 డిగ్రీలు తిప్పాలి. కొత్త బోల్టు ఒక్కసారికే. బిగింపులో అది సాగుతుంది, ఆ సాగుడే దాని పట్టు. ఇంపాక్ట్ గన్ (దెబ్బలతో బోల్టు తిప్పే యంత్రం) బోల్టు తీయడానికి మాత్రమే, బిగించడానికి కాదు.

హ్యూస్టన్‌హైవే, శనివారం 6:20

పాతఇనుము గారూ, సుత్తి గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. ఆ కారణం నాకు తెలియదు. మరి ఓవెన్‌లో వేడి చేసి ఎక్కిస్తారట, అది మంచిదేనా?

కంపనరేఖ, శనివారం 6:50

ఇనుము 70 డిగ్రీలు వేడెక్కితే 10 మి.మీ. వ్యాసానికి సుమారు 0.008 మి.మీ. పెరుగుతుంది. చిన్న అంకెలా ఉన్నా, బిగుతు కూడా అంత చిన్నదే కనుక పనిచేస్తుంది. అయితే రబ్బరును గుర్తుంచుకోండి. మరిగే నీళ్ల వేడి మించితే నేను ఒప్పుకోను. గ్యాస్ మంట దగ్గరికి రానే కూడదు. ఇంకా, వేడి హబ్ చల్లబడే లోపు అడుగు దాకా తిన్నగా వెళ్లాలి. దారిలో ఆగితే అక్కడే బిగుసుకుపోతుంది. ఇప్పటికే సగం దాటిన పనికి వేడి అవసరం లేదు.

గోదావరిగట్టు, ఆదివారం మధ్యాహ్నం 12:30

అయిపోయింది.

స్టార్టర్ తీసి లాక్ పెట్టడానికే రెండు గంటలు పట్టింది. పై బోల్టు చూడటానికి వీలు లేకుండా వేళ్లతోనే వెతికి విప్పవలసి వచ్చింది. పాత బోల్టుకు నూనె రాసి, 240 దాకా ఆగి ఆగి బిగించాను. 180 దగ్గర మెత్తగా ఒక టక్కుమన్న చప్పుడు వచ్చింది. ఆగి మళ్లీ కొలిచాను, 5.1 మి.మీ. మళ్లీ బిగించి 240 దగ్గర రెంచి టక్కుమనే వరకు ఆగాను. తీసి మూడు చోట్ల కొలిచాను. మూడింటా 3.6 మి.మీ. వచ్చింది. నాన్నగారు కూడా ఒకసారి కొలిచి, తల ఊపారు.

కొత్త బోల్టు 37 దాకా బిగించాక డిగ్రీలకు నా దగ్గర గేజి లేదు. బోల్టు తలకు ఆరు ముఖాలు, ఒక్కో ముఖానికి 60 డిగ్రీలు. 140 అంటే రెండు ముఖాలు, మూడో దానిలో మూడో వంతు. బోల్టు తల మీద ఒక తెల్ల చుక్క, హబ్ మీద గమ్యం దగ్గర ఇంకొక చుక్క పెట్టుకున్నాను. నాలుగు అడుగుల రాడ్డుతో మూడు దఫాలుగా లాగితే రెండు చుక్కలూ ఎదురెదురుగా వచ్చాయి.

లాక్ తీసి, స్టార్టర్ పెట్టి, బ్యాటరీ వైరు బిగించి తాళం తిప్పాను. మొదటిసారికే అందుకుంది. ఇరవై నిమిషాలు నడిపాను. కీచు శబ్దం లేదు. బెల్టు గీత గీసినట్టు తిరుగుతోంది. సీల్ చుట్టూ వేలు రాసి చూస్తే పొడిగా ఉంది. బాబాయి గారు చెప్పిన రంగు గీత హబ్ నుంచి రింగు దాకా పసుపు రంగుతో గీశాను.

ఆటోనగర్‌బాబాయి, ఆదివారం 1:10

శుభం బాబూ. వంద మైళ్లు నడిచాక ఒకసారి, తరువాత ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఆ గీత చూస్తూ ఉండు. పాత బోల్టు పారవేయకు. మళ్లీ బండికి వేయకూడదు కానీ, ఎవరికైనా ఈ పని పడినప్పుడు హబ్ కూర్చోబెట్టడానికి అదే కావాలి. తల మీద ఎర్ర రంగు పూసి డబ్బాలో విడిగా పెట్టు, కొత్తవాటితో కలిసిపోకుండా.

గోదావరిగట్టు, ఆదివారం 1:25

ఇప్పుడే పూశాను బాబాయి గారూ. ఆరడానికి కిటికీ గట్టు మీద పెట్టాను. హ్యూస్టన్ మిత్రమా, మీ సిల్వరాడో మీద కూడా ఒకసారి లోతు కొలిచి చూడండి. గేజి కావాలంటే వచ్చే శనివారం నేను ఆ వైపు వస్తున్నాను, తీసుకొస్తాను.

హ్యూస్టన్‌హైవే, ఆదివారం 1:40

తప్పకుండా రండి. భోజనం మా ఇంట్లోనే.